పైది పైన, కిందది కింద

మా ఆఫీసున్న బిల్డింగు బోర్డు మీద 'దుర్గా కాంప్లెక్స్' అని ఉంటుంది. బందర్లో ఆటో ఎక్కి ఆ పేరు చెప్పి చూడండి, డ్రైవరు తల గోక్కుంటాడు. 'జ్ఞానయ్య మేడ' అనండి. "అమ్మో, అక్కడికా? సెంటర్లో దింపేస్తానండి, నడిచెళ్ళిపోండి" అంటాడు. అదీ పగలైతే. చీకటి పడ్డాక అసలు బేరానికే రాడు.

జ్ఞానయ్య ఆ మేడకి ఓనరు కాదు. వాచ్‌మన్. ఆయన పోయి ఏడాది దాటింది. పోయాకే మేడకి ఆయన పేరొచ్చింది.

పై అంతస్తులో సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక తాళం పడుతుంది. తాళం పడ్డాక... కిటికీ దగ్గర ఒక లైటు వెలుగుతుంది. కాసేపు ఆగి దాని పక్కది. తరవాత ఇంకోటి. వెనకవి ఒక్కొక్కటే ఆరిపోతూ ఉంటాయి. లోపల ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది. రోడ్డు మీద నిలబడి ఎంత తొంగి చూసినా మనిషి మాత్రం కనపడడు.

ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి ఉండేది. ఒకరోజు ఆ బండాయన చెప్పాపెట్టకుండా బండి తోసుకుని వేరే వీధికి వెళ్ళిపోయాడు. బజ్జీలు పోయినందుకు జ్ఞానయ్య మీద నాకూ కోపం వచ్చింది, అబద్ధమెందుకు.

ముందే చెప్తున్నాను, ఈ కథలో నేను కళ్ళారా చూసింది తక్కువ. నాది గుడివాడ. పేరు నాగశ్రీ. ఆరయ్యేసరికి హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కేసే రకాన్ని. కింది ఆఫీసు దీవెన చెప్పింది, కొత్త వాచ్‌మన్ ప్రకాశరావు చెప్పింది, ఎలక్ట్రీషియన్ దానియేలు చెప్పిన దాంట్లో సగం — అన్నీ కలిపితే ఈ కథ. దానియేలుది సగమే ఎందుకంటే మిగతా సగంలో తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి కూడా ఉంది. జ్ఞానయ్య కథలోకి ఆవిడెందుకొచ్చిందో అతనికే తెలియాలి.

మేడ ఎలా ఉంటుందో చెప్పకపోతే మీకు అర్థం కాదు. అన్నిటికన్నా కింద కలంకారీ చీరల కొట్టు. దాని మీద అంతస్తులో, పెడన అద్దకాల వాళ్ళకి డిజైన్లు కంప్యూటర్ మీద గీసిచ్చే ఆఫీసు. ఆ పైన మాది, ఆడిటరు వెంకటసుబ్రహ్మణ్యం గారి ఆఫీసు. మా రెండు అంతస్తులదీ ఒకటే ప్లాను: పొడుగాటి హాలు, ఒక చివర మెట్లు, రెండో చివర రోడ్డు వైపు కిటికీ. కింది హాల్లో ఆ కిటికీ దగ్గరది దీవెన కుర్చీ. సరిగ్గా దాని మీద, మా హాల్లో, నా కుర్చీ.

దీవెన జ్ఞానయ్య కూతురు.

జ్ఞానయ్యది కోడూరు దగ్గర పల్లె. మేడ ఓనరు దుర్గాప్రసాద్ గారిదీ కోడూరే. రొయ్యల చెరువుల మనిషి. మేడ కట్టిన రోజుల్లో నమ్మకస్తుడని జ్ఞానయ్యని తెచ్చి పెట్టుకున్నాడు. జ్ఞానయ్యకి బీడీ లేదు, మందు లేదు. ఉన్న జబ్బల్లా లైటు. ఎవరూ లేని చోట లైటు వెలిగితే ఆయనకి పడేది కాదు. మేం టీ తాగడానికి అలా లేస్తే చాలు, ఇలా వచ్చి టక్కున ఆర్పేసేవాడు.

"ఎవరూ లేని గదిలో లైటెందుకమ్మా?"

ఒకసారి మా ఆడిటరు గారు బాత్రూములో ఉండగానే ఆర్పేశాడు. లోపల్నుంచి "ఉన్నానయ్యా, ఉన్నాను!" అని కేకలు. ఆ మాట తలుచుకుని మేం నెల్లాళ్ళు నవ్వుకున్నాం.

దీవెనకి పని తెమిలేసరికి రోజూ ఆలస్యమయ్యేది. పెడనలో అచ్చులు చెక్కేవాళ్ళకి పొద్దున్నే డిజైను కావాలి మరి. కూతురి కోసం ఆగేవాడు గానీ, కింద ఆమె దగ్గర కూర్చునేవాడు కాదు జ్ఞానయ్య. "పక్కన కూర్చుంటే పిల్లని తొందరపెట్టినట్టుంటుందమ్మా" అనేవాడు. మేం వెళ్ళాక మా అంతస్తులో లైట్లన్నీ ఆర్పేసి, నా కుర్చీ వెనక్కి లాక్కుని, కిటికీ వైపు తిప్పుకుని, చీకట్లో కూర్చునేవాడు. పనయ్యాక దీవెన మెట్ల దగ్గరికొచ్చి కేకేసేది — "నాన్నా, పనైపోయింది!" తండ్రీ కూతురూ కలిసి బస్టాండు దాకా నడిచి వెళ్ళేవారు.

ఒక వానాకాలం సాయంత్రం కేకేసింది. ఆయన దిగలేదు.

మళ్ళీ కేకేసింది. పైన చప్పుడు లేదు. వాన చప్పుడే.

పైకి వెళ్ళి లైటు వేసింది. కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది. జ్ఞానయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ...

"నిద్రపోతున్నాడనుకున్నానక్కా" అంది దీవెన నాతో.

వాళ్ళు క్రైస్తవులు, చనిపోయారు అనరు. 'ప్రభువునందు నిద్రించారు' అంటారు. సమాధి మీద రాయించింది కూడా అదే. ఆ పిల్ల తనని తాను క్షమించుకోలేదు. ఆ రోజు ఒక్క నెమలి తోక సరిగ్గా రాలేదని కూర్చుందట. తొందరగా లేచి ఉంటే... అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసేది. అప్పుడు నేను టీ తెప్పించేదాన్ని.

ఇక లైట్ల సంగతి.

దుర్గాప్రసాద్ గారికి చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్లని ఫోనులోంచే వేసి ఆర్పే అలవాటు. జ్ఞానయ్య పోయాక ఆయనకొక ఆలోచన వచ్చింది. "సముద్రం ఒడ్డున ఉన్న మోటారుని కోడూర్లో మంచం మీంచి ఆపుతున్నాను. బందర్లో లైట్లు ఆపలేనా?" విజయవాడ నుంచి ఒక కంపెనీని పిలిపించాడు. లైట్లార్పే మనిషి పోయాడు కాబట్టి, ఆ పని చేసే యంత్రాన్ని పెట్టించాడన్నమాట.

కంపెనీ వాళ్ళు ముందు లైట్లన్నీ మార్చారు. తరవాత ప్రతి లైటు పక్కనా సీలింగుకి ఒక తెల్లటి బిళ్ళ బిగించారు. దానికేదో పేరుంది గానీ మేమంతా 'కన్ను' అంటాం. కింద మనిషి కదిలితే ఆ కన్ను చూసి లైటుకి కబురు పంపుతుంది, లైటు వెలుగుతుంది. కాసేపు కదలిక లేకపోతే ఆరిపోతుంది. మధ్యలో వైరు ఉండదు, అంతా గాల్లోనే. ఏ కన్ను ఏ లైటుకి కబురు పంపాలో కంపెనీ వాళ్ళు ముందే కంప్యూటర్లో రాసి పంపారు.

కరెంటు బిల్లు చూసుకుని దుర్గాప్రసాద్ గారు పొంగిపోయారు. తిక్కంతా మాకే మిగిలింది. చేతులూపితే వెలగదు. ఊపకపోతే వెలుగుతుంది. మా ఆడిటరు గారు ఫైలు చదువుతూ మధ్యలో లేచి రెండు చేతులూ పైకెత్తి ఊపేవారు, హారతి పాట గుర్తొచ్చిన మనిషిలా. పగలు కిటికీల వెలుతురు ఉంటుంది కాబట్టి ఎవరం పెద్దగా పట్టించుకోలేదు.

"కొత్త సామానండీ, కుదురుకోవాలి" అన్నాడు దానియేలు. ఆ కన్నులు బిగించిన ఎలక్ట్రీషియన్ అతనే.

దీవెన ఒక్కతే ఫిర్యాదు చెయ్యలేదు. "అందరివీ ఆరిపోతున్నాయి గానీ, నాదెప్పుడూ ఆరదక్కా. ఎంతసేపు కూర్చున్నా వెలుగుతూనే ఉంటుంది" అనేది. అదృష్టవంతురాలివి అన్నాను.

నాకున్న చికాకు ఇంకొకటి. పొద్దున్న వచ్చేసరికి నా కుర్చీ బల్ల దగ్గర ఉండేది కాదు. ఊడ్చే గంగాదేవి వెనక్కి జరిపేసి అలాగే వదిలేసేది. ఎన్నిసార్లు చెప్పినా "సరేనమ్మా" అనేది. మర్నాడు మళ్ళీ అంతే.

ఇలా ఉండగా కొత్త వాచ్‌మన్ వచ్చాడు. పేరు ప్రకాశరావు. చీకటంటే చచ్చేంత భయం.

మొదటివారంలోనే ఒకరోజు చీకటి పడ్డాక, దీవెన కూడా వెళ్ళిపోయాక, కింది హాల్లోకి అడుగుపెట్టాడు. లైటు వెలగలేదు. చెయ్యి ఊపాడు. వెలగలేదు. కర్ర ఊపాడు... ఊహూఁ.

అప్పుడు కిటికీలోంచి చూశాడు. రోడ్డుకి అవతల కొట్టు షట్టరు మీద వెలుతురు పడుతోంది. ఆ వెలుతురు తన తల మీద, పై అంతస్తు కిటికీలోంచి వస్తోంది.

ఒక అడుగు వెనక్కి వేశాడు. షట్టరు మీద వెలుతురు పక్కకి పాకింది.

ఆగాడు. అదీ ఆగింది.

"ఎవరది?" అన్నాడు.

దొంగ అనుకున్నాడు. కర్ర గట్టిగా పట్టుకుని మెట్లెక్కాడు. తలుపు సందులోంచి లైటు కనిపిస్తూనే ఉంది. తాళంచెవుల గుత్తిలో సరైనది వెతుకుతున్నాడు... సందులో వెలుతురు పోయింది. లోపల ఎవరో ఆర్పేసినట్టు.

తలుపు తోశాడు. హాలంతా కటిక చీకటి. నాలుగడుగులు వేశాడు. వెలగలేదు. కిటికీ దాకా వెళ్ళి అవతలి షట్టరు వైపు చూశాడు.

ఇప్పుడు వెలుతురు కింది అంతస్తులోంచి వస్తోంది. తను ఇప్పుడే ఖాళీ చేసి వచ్చిన చోటు నుంచి.

"జ్ఞానయ్యగారూ... మీరేనా?" అన్నాడు మెల్లిగా.

జవాబు కోసం ఆగలేదనుకోండి. కర్ర మా హాల్లో దొరికింది, ఒక చెప్పు మెట్ల మీద దొరికింది, ప్రకాశరావు బస్టాండులో దొరికాడు.

ఆ మర్నాటి నుంచి బందరంతా అదే మాట. జ్ఞానయ్యే తిరుగుతున్నాడు, లైట్లు వేస్తున్నాడు, ఆర్పుతున్నాడు. సాయంత్రాలు రోడ్డు మీద నిలబడి చూసినవాళ్ళు ఇంకోటి కూడా చెప్పారు. దీవెన కింది హాల్లో కిటికీ దగ్గర్నుంచి మెట్ల వైపు నడిస్తే, కింద ఆమె దారిలో లైట్లు వెలుగుతాయి. అది సరే, మనిషి ఉంది కదా. కానీ సరిగ్గా దాని మీద, తాళం వేసిన హాల్లో, అవే లైట్లు అదే వరసలో వెలుగుతాయి. తండ్రి కూతుర్ని వెంటాడుతున్నాడు అన్నారు.

ఆ మాట దీవెన చెవినా పడింది. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

మా ఆడిటరు గారు "నేనివన్నీ నమ్మనమ్మా, స్టాఫు భయపడుతున్నారు" అంటూ, స్టాఫు కన్నా ముందే మెట్లు దిగిపోయేవారు. ఆఖరికి ఖాళీ చేస్తామని దుర్గాప్రసాద్ గారికి కబురు పెట్టారు. దుర్గాప్రసాద్ గారికి చెమటలు పట్టాయి. దెయ్యం పేరు పడ్డ మేడలోకి ఇంకొకరు రావడం కల్ల. అవనిగడ్డ వైపు నుంచి ఒక భూతవైద్యుణ్ణి మాట్లాడాడు. అమావాస్య నాడు వచ్చి జ్ఞానయ్యని సీసాలోకి దింపి, మూత బిగించి, మంగినపూడి దగ్గర సముద్రంలో వదిలేస్తాడట.

దీవెన సరాసరి ఆయన దగ్గరికే వెళ్ళింది.

"మావయ్యగారూ, మా నాన్న దెయ్యమా?"

"అది కాదమ్మా... లోకం అలా అనుకుంటోంది."

"మా చర్చిలో సంఘపెద్దగా చేసిన మనిషి. బతికినంతకాలం మీ లైట్లార్పుతూ బతికారు. ఆయన్ని తీసుకెళ్ళి సీసాలో పెట్టి మూత బిగిస్తారా?"

"మీ నాన్నంటే నాకూ ప్రేమేనమ్మా. అందుకే నొప్పి తెలీకుండా చెయ్యమని మరీ మరీ చెప్పాను."

దీవెన ఏడవలేదట. "అమావాస్య లోపల అది మా నాన్న కాదని చూపిస్తాను. చూపిస్తే ఆ మనిషి రాకూడదు" అంది. ఆయన సరేనన్నాడు. ఆయనకీ లోపల గుచ్చుకుంటూనే ఉంది పాపం.

ఇంట్లో ఇంకా తల్లి అన్నమ్మకి చెప్పలేదు. మొగుడి పేరు సీసా మీద పడిందని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదని ఈ పిల్ల భయం.

ఆ సాయంత్రమే కంపెనీ ఇంజనీరు రఘురామ్‌కి ఫోన్ చేసింది. అతను విజయవాడలో ఉంటాడు. అక్కడ తన కంప్యూటర్లోనే మా మేడలో ఏ కన్ను ఏం చూస్తోందో అతనికి కనిపిస్తుందట. మా అంతస్తుకి తాళం పడి చాలాసేపయింది. దీవెన ఆఫీసులోనూ అందరూ వెళ్ళిపోయారు.

"ఒక్క నిమిషం ఉండండి, చూస్తాను" అన్నాడు.

కీబోర్డు టకటకలు వినపడ్డాయి. తరవాత... గొంతు తగ్గించి —

"దీవెన గారూ, మీరెక్కడ కూర్చున్నారు?"

"కిటికీ దగ్గర. నా సీట్లో."

"పక్కన ఎవరన్నా ఉన్నారా?"

"లేరు. ఏం?"

"ఏం లేదు... కింద కిటికీ దగ్గర ఒకరు కనిపిస్తున్నారు. అది మీరు. పైన కూడా, మీ సీటుకి సరిగ్గా మీద... ఒకరు కనిపిస్తున్నారు."

దీవెన తలెత్తి సీలింగు వైపు చూసింది. తెల్లటి కన్ను. పక్కనే లైటు, నిలకడగా వెలుగుతోంది.

"అంటే ఇద్దరా?" అంది.

"ఇద్దరేనండి" అన్నాడు. "రేపు నేనే వస్తున్నాను."

రేపంటే అమావాస్య ముందురోజు. నన్ను సాక్షిగా ఉండమంది దీవెన. మా పెద్దత్తగారికి ఒంట్లో బాలేదని చెప్పి బస్సెక్కేశాను. మా పెద్దత్తగారు ఆ టైముకి గుడివాడలో పేకాడుతున్నారు.

చీకటి పడ్డాక రఘురామ్ పైకెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాడు. దీవెన కింద తన కుర్చీలో. ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు. ప్రకాశరావు పైకీ రాలేదు, కిందకీ రాలేదు. మెట్ల మధ్యలో దేవుడి పాట అందుకున్నాడు.

"కదలకండి" అన్నాడు రఘురామ్. "నేనూ కదలను. లైట్లన్నీ ఆరనిద్దాం."

కూర్చున్నారు. ఒక్కొక్కటే ఆరిపోయాయి. పైనా చీకటి, కిందా చీకటి. దీవెన లైటు కూడా ఆరింది. "అది ఆరడం మొదటిసారి చూశానక్కా" అంది నాతో.

"ఇప్పుడు మీరొక్కరే చెయ్యి ఊపండి."

ఊపింది. చీకటి చీకటిగానే ఉంది.

"నాకు వెలగలేదండీ..."

"నాకు వెలిగింది!" రఘురామ్ అరుపుకి ఫోన్ అక్కర్లేకపోయింది, సీలింగులోంచే వినపడింది. "ఉండండి, ఉండండి. ఇప్పుడు నేనూపుతాను!"

దీవెన నెత్తి మీద లైటు వెలిగింది.

అంతే. అంతకన్నా ఏం లేదు. కింద బిగించిన కన్నులు పై లైట్లకి కబురు పంపుతున్నాయి. పైన బిగించినవి కింది లైట్లకి. కింద ప్రకాశరావు నడిస్తే పైన లైట్లు నడిచాయి. పైన వెతికితే కింద వెలిగాయి. పాపం, తన వెనక తనే పరిగెత్తాడు. పగలంతా మేము కదిలితే దీవెన వాళ్ళకి వెలుతురు, వాళ్ళు కదిలితే మాకు. రెండు చోట్లా జనం ఉన్నంతసేపూ ఎవరికీ తేడా తెలియలేదు.

దానియేలుని పిలిపించారు. అతను వాళ్ళ మీదే ఎగిరాడు.

"మీరే కదండీ ఫోన్లో చెప్పింది! రెండు అట్టపెట్టెలు వస్తాయి, పైది పైన, కిందది కింద బిగించెయ్యమని! అలాగే బిగించాను!"

"మరి తేడా ఎక్కడొచ్చింది?" అన్నాడు రఘురామ్.

"ఏమో! ఆటోలోంచి నేనే దింపాను. పైనున్న పెట్టె ముందు దింపి నేల మీద పెట్టాను. దాని మీద రెండోది పెట్టాను. తరవాత పైది పైకి పట్టుకెళ్ళాను, కిందది..."

అక్కడ ఆగిపోయాడు దానియేలు.

"దింపితే తిరగబడవటయ్యా!" అని రఘురామ్ తల పట్టుకున్నాడు. ప్రకాశరావు మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు, ఎంతకీ ఆపడు. దీవెన నవ్వుతూనే ఏడ్చింది. రఘురామ్ అక్కడికక్కడే దుర్గాప్రసాద్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"అయితే సీసా వద్దంటారా?" అన్నాడాయన.

"వద్దండి."

"హమ్మయ్య" అన్నాడు. మనసులోంచి వచ్చిన మాటేనట అది.

మా అంతస్తుకి తాళం వేసి అందరూ కింది హాల్లోకి వచ్చారు. ప్రకాశరావు టీకి వెళ్ళాడు. దీవెన తన కుర్చీలో కూర్చుంది. రఘురామ్ మెట్ల వైపు చివర బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. వైర్లు లేవు కాబట్టి దేన్నీ ఊడదియ్యక్కర్లేదు, ఏ కన్ను ఏ లైటుదో కంప్యూటర్లో మార్చేస్తే చాలు.

"మార్చేముందు ఒక సరదా చూడండి" అన్నాడు. "ఇప్పుడు పైన ఎవరూ లేరు కదా. ఇక్కడ మనం ఎన్ని గంతులేసినా సరే, ఈ లైట్లన్నీ ఆరిపోతాయి."

మెట్ల వైపు నుంచి మొదలైంది. మొదటిది ఆరింది. దాని పక్కది ఆరింది. దానియేలు నిజంగానే గంతులేస్తున్నాడు, అయినా నెత్తి మీద లైటు ఆరింది. నవ్వుకున్నారు. ఇంకోటి. ఇంకోటి...

కిటికీ దగ్గరది మిగిలింది. దీవెన లైటు.

చూస్తూ నిలబడ్డారు.

ఆరలేదు.

ఇంకాసేపు చూశారు. దానియేలు గంతులు ఆపాడు. ఎవరూ నవ్వడం లేదు.

"ఎలకేమో..." అన్నాడు రఘురామ్, గుసగుసగా. "పైన ఎలక తిరుగుతూ ఉండొచ్చు."

దీవెన కుర్చీలోంచి లేవలేదు. తలెత్తి ఆ లైటు వైపే చూస్తోంది.

"రఘురామ్ గారూ."

"చెప్పండి."

"నిన్న ఫోన్లో ఇద్దరన్నారు."

అతను తలూపాడు.

"పైది కింద, కిందది పైన బిగించారు. సరే. తారుమారైతే మాత్రం... ఒకరు ఇద్దరెలా అవుతారండీ?"

రఘురామ్ ల్యాప్‌టాప్ వైపు చూశాడు. మళ్ళీ లైటు వైపు చూశాడు. దానియేలు అతని చొక్కా పట్టుకున్నాడు. ఈ చొక్కా సంగతి ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి చెప్తున్నాను.

దీవెనకి అప్పుడు అర్థమైంది. మాకందరికీ తిక్కగా ఆరిపోయే లైట్లు తన ఒక్కదానికీ ఎందుకు ఆరలేదో. ఆరు దాటాక, పైన తాళం పడ్డాక కూడా, తను పని చేసుకున్నంతసేపూ ఎందుకు వెలిగిందో. మెట్ల దాకా నడుస్తుంటే దారి పొడుగునా ఎందుకు వెలుగుతూ వచ్చాయో. ప్రకాశరావుకి వెలగలేదు. దానియేలుకి వెలగలేదు.

లేచి నిలబడింది. మెట్ల వైపు ఒక అడుగు వేసింది.

ముందరి లైటు వెలిగింది.

ఇంకో అడుగు. ఇంకో లైటు. రఘురామ్, దానియేలు గోడకి అతుక్కుపోయారు. ఆమె వాళ్ళని దాటి వచ్చింది, లైట్లూ ఆమెతో పాటే వచ్చాయి. మెట్ల దగ్గర ఆగింది. సీలింగు వైపు తలెత్తి, ఒకప్పుడు రోజూ వేసిన కేకలా కాకుండా, మెల్లిగా —

"నాన్నా... పనైపోయింది. వెళ్తున్నాను."

ఈ లైట్లు వాటంతటవి ఆరాలంటే కాసేపు పడుతుంది, చెప్పాను కదా. ఒక్కసారి ఆరవు. ఒకదాని తరవాత ఒకటి ఆరుతాయి.

అన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. టక్కుమని, ఎవరో స్విచ్చి నొక్కినట్టు.

చీకట్లో దానియేలు ఏదో అన్నాడు. ఏమన్నాడో ఎవరూ సరిగా చెప్పరు. ప్రార్థన అంటాడు అతను. దీవెన మాత్రం నవ్వి ఊరుకుంటుంది.

మర్నాడు పొద్దున్న, పట్టపగలు, జనం అందరూ ఉండగా రఘురామ్ వచ్చి కన్నులన్నీ సరిచేశాడు. ఒక్కటి తప్ప. "ఆ కిటికీ దగ్గరది మార్చకండి" అంది దీవెన. అతను ఎందుకని అడగలేదు. పని ముగించుకుని ఎండ ఉండగానే విజయవాడ వెళ్ళిపోయాడు.

దుర్గాప్రసాద్ గారికి ఈ చివరి ముక్క ఎవరూ చెప్పలేదు. మీరూ చెప్పకండి. ఆ సీసా ఇంకా ఆయన కారు డిక్కీలోనే దొర్లుతోందట. మా ఆడిటరు గారు ఖాళీ చెయ్యడం మానుకున్నారు. తాను మొదటి నుంచీ నమ్మలేదని అందరికీ చెప్తున్నారు. బజ్జీల బండి కూడా తిరిగొచ్చింది.

దీవెన ఇప్పటికీ ఆలస్యంగానే వెళ్తుంది. ఆ సాయంత్రం నెమలి తోక గురించి మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

నా సంగతి కూడా చెప్పేస్తాను. ఆ నెలలోనే గంగాదేవి కూతురి పురుడుకని సొంతూరు వెళ్ళింది. నెల దాటినా రాలేదు. మా హాలు ఊడ్చిన నాథుడు లేడు, బల్లల మీద దుమ్ము పేరుకుపోయింది. పొద్దున్నే తాళం తీసేది నేనే. తీసి లోపలికి వెళ్ళి చూద్దును కదా, నా కుర్చీ బల్లకి దూరంగా, కిటికీ వైపు తిరిగి ఉంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కుర్చీ వీపు మీద, పట్టుకుని లాగే చోట మాత్రం దుమ్ము లేదు.

మొదటిరోజు సెలవు పెట్టేద్దామనుకున్నాను. తరవాత కింద బల్ల మీద తలొంచుకుని ఏదో గీసుకుంటున్న ఆ పిల్ల గుర్తొచ్చింది. ఇప్పుడు ఆరయ్యేసరికి బ్యాగు భుజాన వేసుకుని, బస్సుకి టైమైపోతున్నా సరే, నా కుర్చీ నేనే వెనక్కి లాగి, కిటికీ వైపు తిప్పి, మరీ వెళ్తున్నాను.